అద్దెబండి తోలువాని నడత

ఇంగ్లండు దేశమున టాక్సీ నడుపదలచినవాడు తన యూరి పురపాలక సంఘమునకు, లండనులోనైనచో ఆ నగరపు రవాణా శాఖకు, దరఖాస్తు పెట్టుకొనవలెను. వానికి బండి నడుపుట చక్కగా వచ్చునా యనునది అచ్చట మొదటి ప్రశ్న. వాడెట్టి నడత గలవాడు అనునది రెండవది. ఆ దరఖాస్తుదారు పూర్వమెన్నడైన నేరము చేసి శిక్ష పొందినవాడైనచో ఈ రెండవ ప్రశ్నయే తక్కినవానినన్నిటిని మ్రింగివేయును. ఇరువదేండ్ల ప్రాయమున దొంగతనము చేసి చెరసాల కేగి, వెలుపలికి వచ్చి పదునైదేండ్లుగా ఒడలు వంచి పని చేసికొనుచున్నవానికి లైసెన్సు ఇయ్యదగునా? త్రాగిన మైకమున ఒకని తల పగులగొట్టినవానికి? స్త్రీపై చేయి వేసినాడను అభియోగము వచ్చి, సాక్ష్యము చాలక న్యాయస్థానమున విడుదలయైనవానికి?

ఇది పరదేశపు గొడవ, మనకేల యని కొందరనవచ్చును. చీకటిపడిన పిదప పని ముగించుకొని అద్దెకారులో ఒంటరిగా నిల్లు చేరుచున్న ఆడుబిడ్డలు మన చదువరుల యిండ్లలో ఎందరో కలరు. వారు గుమ్మము తొక్కువరకు తల్లికి కన్ను మూతపడదు. అదే వీధిలో, ఒకనాటి తప్పునకు జైలు కేగి వచ్చి, ఎచ్చటను పని దొరకక, కారు నడుపుకొందునని తిరుగుచున్న కొడుకును గన్న తల్లియు నుండవచ్చును. ఈ యిద్దరి తల్లుల మొగము చూచి తీర్పు చెప్పుట ఎట్లు? ఇంగ్లండువారు ఈ చిక్కుముడిని చిరకాలముగా విప్పుచు, మరల ముడివేయుచు వచ్చిరి. ఆ చరిత్రమును కొంత తెలిసికొనుట మనకు ఉపయోగించునని తలచి వ్రాయుచున్నాము.

లండను నగరమున అద్దెబండ్లకు మొదటి అడ్డాను 1634లో కెప్టెను బెయిలీ యను విశ్రాంత నావికుడు స్ట్రాండు వీధిలో ఏర్పరచెను. అతని బండ్లు నాలుగు. తోలువారికి ఒకే తీరు దుస్తులిచ్చి, ఏ చోటికి ఏమి కిరాయి పుచ్చుకొనవలెనో నిర్ణయించెను. 1654లో క్రాంవెలు ప్రభుత్వము బండివారి సంఘము నొకదానిని స్థాపించి రెండువందల మందికి మించి ఈ వృత్తిలో నుండరాదని శాసించెను. 1662లో రెండవ చార్లెసు రాజు కాలపు చట్టము 400 బండ్లకు లైసెన్సు లిచ్చెను. 1694లో ఆ సంఖ్య 700 ఆయెను. ఈ చట్టములన్నిటిలో ప్రభుత్వమువారి చూపు బండ్ల లెక్క మీదను, వానిపై వచ్చు పన్ను మీదనే నిలిచినది. వీధులు ఇరుకు, రాచబండ్లకు దారి చాలదు, ఖజానాకు సొమ్ము కావలెను. పగ్గము పట్టినవాడెవడన్నది దొరతనమువారికి పెద్ద ప్రశ్నగా తోచలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున నగరము ఉప్పొంగెను. 1831 నాటి చట్టముతో బండ్ల పరిమితి తొలగుటకు త్రోవ పడెను. ఊరిలో ఒకరి మొగ మొకరెరుగని కాలము వచ్చెను. అప్పుడు గాని బండి తోలువాని పేర లైసెన్సు, మెడలో బిళ్ల యను నియమము 1838లో పుట్టలేదు. తరువాత 1843 నాటి చట్టము మా దృష్టిలో ఈ కథ కంతటికి కీలకము. తన సత్ప్రవర్తనను, ఆ పనికి తగిన యోగ్యతను గూర్చి అధికారికి తృప్తి కలుగునట్టి పత్రమును తెచ్చుకొనినవానికే లైసెన్సు ఇయ్యవలెనని అది విధించెను. ఇచ్చిన పిదప వాడు చెడునడత గలవాడని తేలినచో దానిని రద్దుచేయుటకు, కొంతకాలము నిలుపుదల చేయుటకు న్యాయాధిపతికి అధికారమిచ్చెను.

చదువరు లొక సంగతి గమనింపవలెను. ‘నీవు నేరము చేసితివా?’ యని ఆ చట్టము అడుగలేదు. ‘నీవు మంచివాడవని చెప్పువారెవరు?’ అని యడిగినది. ఈ రెండును ఒకటి కావు. మొదటి ప్రశ్నకు ప్రభుత్వపు దస్త్రము జవాబు చెప్పగలదు. రెండవ దానికి వానితో కలిసి మెలిసిన మనుష్యులు చెప్పవలెను. అయితే ఈ పద్ధతిని మేము ఆకాశమున కెత్తుట లేదు. మంచిమాట వ్రాసి యిచ్చు యజమాని దొరకని బీదవాడు నిర్దోషియైనను బయట నిలిచిపోయి యుండును. గట్టి చుట్టరికము గలవాడు దుష్టుడైనను లోపలికి వచ్చియుండును. సిఫారసు ఉత్తరముల సంగతి మన దేశమువారికి ఒకరు చెప్పనక్కరలేదు గదా.

లైసెన్సు పోగొట్టుకొన్నవారేమయిరి? హెన్రీ మేహ్యూ యను పత్రికారచయిత లండను బీదవారి బ్రదుకులను స్వయముగా తిరిగి చూచి, వారి నోటి మాటలను వ్రాసికొని, 1851 మొదలుకొని గ్రంథముగా ప్రకటించెను. అందు అద్దెబండివారిని గూర్చి వ్రాయుచు ‘బక్’లను ఒక తెగవారిని పేర్కొన్నాడు. చెడునడతచే లైసెన్సు పోయినవారే వీరిలో మెండు. లైసెన్సు గలవాడు భోజనమునకో పానశాలకో పోయినప్పుడు వీరు వాని బండి నెక్కి తోలెదరు. బిళ్ల ఒకనిది, పగ్గము మరియొకని చేతిలోనిది. ప్రయాణికుడు బిళ్ల నంబరు చూచి నమ్మి యెక్కును. తలుపు మూసినంత మాత్రమున మనిషి మాయమై పోడు, పెరటిదారిని వచ్చునని ఆ పుటలు చదివినవారికి తోపకపోదు. నేడు ఒకని పేర నమోదైన ఖాతాతో మరియొకడు కారు నడుపుట విన్నప్పుడెల్ల మాకు మేహ్యూ వ్రాతయే జ్ఞప్తికి వచ్చును.

1850లో ఈ లైసెన్సుల అధికారము లండను పోలీసు కమిషనరు చేతిలోనికి వచ్చెను. ఇక 1869లో రెండు చట్టములు వెలువడినవి. ఒకటి లండను అద్దెబండ్ల చట్టము. మరియొకటి అలవాటుపడిన నేరస్థుల చట్టము. శిక్షపడిన నేరస్థుల పేరులతో కేంద్రమున ఒక పట్టిక యుంచవలెనని ఈ రెండవది శాసించెను. బండివాని నడత విచారించు పోలీసువారికే నేరస్థుల పట్టికయు చేతికందినది. ఆ దినము నుండి ‘నీ మంచితనము చెప్పువారెవరు?’ అను పాతప్రశ్న మెల్లగా వెనుకబడి, ‘నీ పేరు పట్టికలో నున్నదా?’ అను క్రొత్తప్రశ్న ముందునకు వచ్చినదని మా యభిప్రాయము.

పేరు మార్చుకొనినవానిని పట్టిక పట్టలేదు. ఆ లోపమును తీర్చిన విద్య మన దేశమున పెరిగినది. వంగదేశపు పోలీసు శాఖకు పెద్దగా నుండిన ఎడ్వర్డు హెన్రీ వ్రేలిముద్రలను వర్గీకరించు పద్ధతిని నెలకొల్పెను. అందలి గణితపు పనిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయ ఉద్యోగుల పాలు మిక్కిలి గొప్పది. పేరు మాత్రము హెన్రీది నిలిచినది. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము తెరచిరి. 1901లో హెన్రీ లండనునకు వచ్చి స్కాట్లండు యార్డులో అట్టిదానినే స్థాపించెను. 1903లో లండను పోలీసు కమిషనరాయెను. అనగా, ఎన్నటికి మరువని దస్త్రమును ప్రపంచమున కిచ్చిన ఆ మనుష్యుడే లండను బండివారందరికి లైసెన్సు లిచ్చు అధికారియు నాయెను. గుఱ్ఱపుబండ్లు పోయి మోటారు టాక్సీలు వచ్చుచున్న కాలమది. కిరాయి లెక్కకట్టు మీటరు లండను మోటారు బండ్లకు 1907లో విధియైనది.

1912 నవంబరు 27వ తేదీన హెన్రీ కెన్సింగ్టనులోని తన యింటి గుమ్మము చేరగా ఒక యువకుడు రివాల్వరుతో మూడుమారులు కాల్చెను. ఒక గుండు పొట్టలో దూరెను. టాక్సీ లైసెన్సుకై ఆ యువకుడు పెట్టుకొనిన దరఖాస్తు తిరస్కరింపబడినది. కోపమునకు కారణమంతే. హెన్రీ బ్రదికెను గాని దెబ్బ బాధ ఆయనను విడువలేదు. విచారణ దినమున ఆయన న్యాయస్థానమునకు వచ్చి, తనను చంపబోయినవానిపై దయచూపుడని కోరెను. వాడు తన బ్రదుకును బాగుచేసికొనదలచెననియు, విధవరాలైన తల్లిని పోషింపగోరి ఆ లైసెన్సు నడిగెననియు చెప్పెను. యువకునికి దీర్ఘమైన కారాగారము తప్పలేదు. 1922లో వాడు విడుదలయైనప్పుడు, అప్పటికి ఉద్యోగము మానియున్న హెన్రీ, క్రొత్తగా బ్రదుకు మొదలుపెట్టుకొమ్మని కెనడాకు ఓడకూలి తన చేతి సొమ్మునుండి యిచ్చి పంపెను. వానికి లండనులో లైసెన్సు ఇప్పింపవలెనని మాత్రము ఆయన యత్నించిన జాడ లేదు.

ఈ కథను మేము పలుమారులు తలపోసితిమి. దయయు లైసెన్సును వేరువేరని హెన్రీ గ్రహించినట్లు మాకు తోచును. దయ చూపుటకు తన సొమ్మున్నది, తన మాట యున్నది. లైసెన్సు ఇచ్చినచో మాత్రము తాను పెట్టు పణము పరుల ప్రాణము.

హెన్రీ దస్త్రములు నేరము చేసినవాని పేరునే వ్రాసికొన్నవి. అంతకన్న ఘోరమైన దస్త్రము మన దేశమున నుండెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము పుట్టుకనే నేరముగా వ్రాసెను. 1911లో దానిని మదరాసు రాజధానికి వర్తింపజేసిరి. బాపట్ల చెంత స్టూవర్టుపురము సాల్వేషను ఆర్మీవారి పాలనలో ఎరుకలవారికొక నిర్బంధ నివాసముగా వెలసినది ఆ చట్టము క్రిందనే. మదరాసు రాజ్యమున 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయినది. ఆ యూరి పేరు వినినంతనే కనుబొమ్మ లెత్తువారు నేటికిని మనలో లేకపోలేదు. ఏ తప్పును చేయని బిడ్డ పని యడుగబోయి ఊరి పేరు చెప్పుటకు వెనుదీయుచున్నదన్నచో, పట్టికలోని గురుతుకు చట్టము కన్న ఎక్కువ ఆయువున్నదన్న మాట. కావున నేరచరిత్రను చూచి తీర్పు చెప్పుటను గూర్చి మాట్లాడునప్పుడు తెలుగువాడు కొంచెము జంకుట సహజము, మేలును గూడ.

ఇంగ్లండులో ఆ జంకు 1974లో చట్టరూపము దాల్చినది. శిక్ష యనుభవించి మరల నేరము చేయక కొన్నేండ్లు గడిపినవాని పాత శిక్ష చెల్లిపోయినట్లు లెక్క. ఉద్యోగమునకు పోయినప్పుడు దానిని చెప్పనక్కరలేదు. ఆ చట్టము మొదట వెలువడినప్పుడు ఆరునెలల లోపు కారాగారమునకు 7 ఏండ్లు, అంతకు మించి ముప్పది నెలల వరకు 10 ఏండ్లు గడువు. ముప్పది నెలలు దాటినది ఎన్నటికి చెల్లదు. 1976లో మరియొక చట్టము వచ్చి, ‘తగినవాడు, యోగ్యుడు’ అని పురపాలక సంఘమునకు తృప్తి కలిగిననే గాని లైసెన్సు ఇయ్యరాదని లండను వెలుపలి ఊళ్లకు విధించెను. ఈ రెండు చట్టములకు పొత్తు కుదురునా? ఒకటి మరచిపొమ్మనును, రెండవది గుర్తుంచుకొమ్మనును. కొంతకాలము న్యాయస్థానములు సందర్భమును బట్టి సరిపుచ్చినవి. తుదకు 2002లో టాక్సీ సారథులను 1974 నాటి మన్నింపు నుండి వేరుచేసిరి. నాటి నుండి టాక్సీ దరఖాస్తుదారు చెల్లిన శిక్షలను సైతము చెప్పి తీరవలెను.

అంతకు పూర్వమే 1998లో రష్‌క్లిఫ్ పురపాలక సంఘము వ్యాజ్యెములో ప్రధాన న్యాయమూర్తి బింగ్‌హాము ఒక ముఖ్యమైన మాట చెప్పెను. ప్రయాణికురాలిపై చేయి వేసినాడను నేరము నుండి విడుదలయైన యొకడు మరల లైసెన్సు కోరినప్పుడు, న్యాయస్థానమున నేరము రుజువు కానంత మాత్రమున అధికారులు కనులు మూసికొననక్కరలేదనియు, బాధ్యతతో తీర్పు చెప్పుటకు పనికివచ్చు సమాచారమును దేనినైనను చూడవచ్చుననియు ఆయన నిర్ణయించెను. శిక్ష వేయుటకు నిస్సంశయమైన రుజువు కావలెను. లైసెన్సు నిరాకరించుట శిక్ష కాదు. ఇది మొదట వినుటకు కటువు. 2002లో లీడ్సు నగరపు వ్యాజ్యెములో వచ్చిన తీర్పు మరింత కటువు. లైసెన్సు పోయినచో సారథి కుటుంబమునకు కలుగు కష్టమును అధికారులు లెక్కలోనికి తీసికొనరాదని దాని సారము.

ఈ తీర్పును మొదట చదివినప్పుడు మాకు మనసొప్పలేదు. అన్నము ముట్టుకొనరాని వస్తువా యని గొణుగుకొంటిమి. తరువాత ఆలోచింపగా వేరొకటి తోచినది. దరఖాస్తు విచారించు గదిలోనికి దరఖాస్తుదారు వచ్చును. తన భార్యను, బిడ్డలను, అప్పును, ఇంటి అద్దెను గూర్చి చెప్పుకొనును. అతని కన్నీరు కంటికి కనబడును. ఆ కారు నెక్కబోవు స్త్రీ ఆ గదిలో నుండదు. తాను ఆ కారు నెక్కుదునని ఆమెకే యింకను తెలియదు. మాటాడు నోరు ఒకవైపుననే యున్న చోట జాలి ఒకవైపునకే ఒరగును. ఆ ఒరుగుదలను సరిచేయుటకే న్యాయస్థానము అంత కఠినముగా చెప్పవలసివచ్చినదని యిప్పుడు నమ్ముచున్నాము. చెరసాల నుండి వచ్చినవానికి అన్నము పెట్టు బాధ్యత దేశమునకు లేకపోలేదు. రాత్రిపూట ఒంటరి ప్రయాణికుని వానికప్పగించియే ఆ బాధ్యత తీర్చుకొనవలెనని లేదు. కర్మాగారములున్నవి, పొలములున్నవి, సామానులు మోయు లారీలున్నవి.

ఆ గదిలో లేనివారిని మరచిన ఫలము రోదరహాము పట్టణమున బయటపడెను. 1997 మొదలు 2013 వరకు అచ్చట ఇంచుమించు 1,400 మంది పిల్లలు కామపిశాచములకు గురియైరని ఆచార్య అలెక్సిస్ జే 2014 ఆగస్టులో ప్రకటించిన నివేదిక అంచనా వేసెను. ఆ ఘోరములలో టాక్సీ సారథులకు ప్రముఖమైన పాత్ర యున్నదని అందు వ్రాయబడెను. 2015 ఫిబ్రవరిలో లూయీస్ కేసీ చేసిన విచారణలో ఆ పట్టణపు పురపాలక సంఘము తన పనికి తగనిదని తేలెను. యోగ్యులకే టాక్సీ లైసెన్సు లుండునట్లు సంఘము చూడలేదని ఆమె ఆక్షేపించెను. ప్రభుత్వము కమిషనర్లను పంపి ఆ సంఘపు అధికారములను వారి కప్పగించెను. ఇచ్చట దస్త్రములు లేక కాదు చెడినది. పిల్లలు చెప్పిరి, పని చేయువారు కొందరు చెప్పిరి, కాగితములు మేజాల మీదికి వచ్చినవి. వినినవారు విననట్లుండిరి.

నేరచరిత్ర పట్టిక కెన్నడును చిక్కని మనుష్యుడును ఉండును. 2009లో శిక్షపడిన యొక లండను టాక్సీ సారథి, ప్రపంచమున మిక్కిలి కఠినమని పేరుపడిన పరీక్షలు దాటి లైసెన్సు పొందినవాడు. స్త్రీలకు మత్తుమందు త్రాగించి చెరచుట వాని అలవాటు. 2003లోనే ఒక స్త్రీ ఫిర్యాదు చేసినది. 2007లో వానిని పట్టుకొని విడిచిపెట్టిరి. పోలీసులు సరిగా విచారింపక ఆ స్త్రీల హక్కులకు భంగము కలిగించిరని 2018లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను.

ఈ యనుభవముల మీద 2020 జూలైలో ఇంగ్లండు రవాణా మంత్రిత్వ శాఖ నియమావళి నొకదానిని వెలువరించెను. అందలి కొలతలు తెలియదగినవి. మనిషి చావునకు కారణమైన నేరము, కామకృతమైన నేరము, దుర్బలులను చెరపట్టి వాడుకొనిన నేరము చేసినవానికి లైసెన్సు ఎన్నటికి లేదు. దౌర్జన్యము చేసినవానికిని, మాదకద్రవ్యము లమ్మినవానికిని శిక్ష ముగిసిన నాటి నుండి 10 ఏండ్లు గడువవలెను. దొంగతనము, మోసము, ఆయుధము కలిగియుండుట, త్రాగి బండి నడుపుట, వీనికి 7 ఏండ్లు. తన కొరకు మాదకద్రవ్యము దాచుకొన్నవానికిని, చేత ఫోను పట్టి బండి నడిపినవానికిని 5. ఈ లెక్కల కన్న పైన ఒక ప్రశ్న యున్నది. మీకు ప్రియమైన మనిషి, ఎట్టి స్థితిలోనున్నను, పగలైనను రాత్రియైనను, ఒంటరిగా వీని బండిలో పోవుటకు మీరు సమ్మతింతురా? సందేహము సరిసమానముగా నున్నచో దరఖాస్తుదారుకు ఆ సందేహపు లాభము ఇయ్యరాదు. ఒక ఊరిలో నిరాకరింపబడినవాడు పక్కయూరికి పోయి లైసెన్సు తెచ్చుకొనకుండ, రక్షణ కారణముల మీద నిరాకరించిన, రద్దుచేసిన పేరులను ఉమ్మడి దస్త్రమున వ్రాయవలెనని 2022 నాటి చట్టము విధించెను.

గీతలు గీయుట మంచిదే. ఊరికొక న్యాయము పోవును. కాని ఏండ్లు లెక్కించుటతో పని తీరినదనుకొను అధికారి మరల 1869 నాటి పట్టికకే దాసుడగును. దొంగతనము చేసి ఏడేండ్లు గడిచిన యిద్దరిలో ఒకడు ఆ ఏడేండ్లును ఒకే యజమాని వద్ద నమ్మకముగా పనిచేసినవాడు కావచ్చును, రెండవవాడు పట్టుబడనివాడు కావచ్చును. పట్టికలో ఇద్దరి గీతయు ఒక్కటే. ప్రతివాని సంగతి విడివిడిగా విచారింపవలెనని నియమావళియే చెప్పుచున్నది. ఆ విచారణలో 1843 నాటి ప్రశ్నను మరల అడుగవలెనని మా కోరిక. ఈ ఏడేండ్లలో నిన్నెరిగినవారెవరు? వారిని పిలిచి మేము మాటాడవచ్చునా?

మన దేశపు 1988 నాటి మోటారు వాహనముల చట్టము, అలవాటుపడిన నేరస్థుని, అలవాటుపడిన త్రాగుబోతును లైసెన్సు కనర్హునిగా చేయుటకు అధికారమిచ్చినది. 2014 డిసెంబరు 5వ తేదీ రాత్రి ఢిల్లీలో ఒక యువతి ఫోను ద్వారా పిలిపించుకొన్న అద్దెకారులో సారథి చేత చెరచబడెను. 2015లో వానికి యావజ్జీవ కారాగారము పడినది. అంతకు పూర్వము 2011లో అట్టి యభియోగము మీదనే వాడు అరెస్టయి, జైలులో నుండి, తరువాత విడుదలయైనవాడు. బింగ్‌హాము ఎదుటికి వచ్చిన చిక్కే యిది. ఆ తరువాత ఇట్టి కారుల వ్యాపారమునకు కేంద్రప్రభుత్వము 2020లో మార్గదర్శకములు చేసి, గడచిన 7 ఏండ్లలో శిక్షపడిన వారిని సారథులుగా చేర్చుకొనరాదనెను. ఢిల్లీ సారథి విడుదలయైనవాడే గాని శిక్షపడినవాడు కాడు గనుక ఈ నియమము వానిని పట్టియుండెడిది కాదు. వాని వద్ద సత్ప్రవర్తన పత్రము సైతము ఉండెను. అది కూటపత్రమని నేరము జరిగిన పిదప పోలీసులు కనుగొనిరి. దానిమీద పేరున్న ఠాణాకు ముందుగా ఒక్క మనిషిని పంపి యడిగియున్నచో ఆ సంగతి అప్పుడే తెలిసియుండెడిది.